ఫ్రిజ్‌కి ఆనుకున్న బాబాయ్

జూన్ 4, మంగళవారం

బావమరిదికి,

బావ ఆశీస్సులు. ఇష్టంగా ఇచ్చినవే అనుకో.

మీ అక్క పెట్టిన షరతు నీకూ చెప్పే ఉంటుంది. శనివారం జనం ముందు మనిద్దరం పెట్టుకున్న గొడవ తర్వాత ఇక బార్‌లో మనం ఒకరితో ఒకరం నోటితో మాట్లాడుకోకూడదట. చెప్పాల్సింది ఏమన్నా ఉంటే కాగితం మీద రాసి తనకివ్వాలి. తను చదివి, మర్యాదగా ఉంటేనే అందిస్తుంది. మొదట పలకరింపు ఉండాలి, మధ్యలో ఎక్కడో ఒకచోట ఆరోగ్యం అడగాలి, చివర బంధుత్వం రాసి ముగించాలి. ఇది నా రెండో ప్రయత్నం. మొదటిదాంట్లో ఆరోగ్యం అడగటం మర్చిపోయానని చింపేసింది.

నీ ఆరోగ్యం ఎలా ఉంది? శనివారం అరిచిన అరుపుని బట్టి ఊపిరితిత్తులకేమీ ఢోకా లేదని తెలుస్తోంది. నా మోకాలు అలాగే ఉంది.

ఇక విషయం. మీరు ఆ మాటల్లేని నెమ్మది పాట వాయిస్తుండగా నేను మిక్సీ వేసిన మాట నిజం. ఎవరో నిమ్మరసం అడిగారు, వేశాను. దానికి నువ్వు వయొలిన్ కింద పెట్టి, మిక్సీకి వంగి నమస్కారం చేసి, "ఇప్పుడు మా బావగారు వాయించారు, చప్పట్లు కొట్టండి" అన్నావు. కొట్టారు కూడా. ఇన్నేళ్లుగా బార్ నడుపుతున్నాను, నా పేరు మీద చప్పట్లు పడటం అదే మొదటిసారి.

నా బాధ కూడా విను. మీరు ఆ నెమ్మది పాట మొదలెట్టగానే బార్‌లో తాగటం ఆగిపోతుంది. మందుల షాపాయన గ్లాసు నోటిదాకా తీసుకెళ్లి అక్కడే ఆపేస్తాడు. పాట అయ్యేదాకా తాగడు, దించడు. మిగిలినవాళ్లు గోడకేసి చూస్తూ ఉంటారు. నేను ట్రే పట్టుకుని వాళ్ల మధ్య బస్సు కోసం నిలబడ్డవాడిలా నిలబడి ఉంటాను. జనం తాగకుండా కూర్చునే చోటుని బార్ అనరు. కాబట్టి నా మనవి ఏమిటంటే, మీరు కొంచెం తక్కువ బాగా వాయించండి. మానేయమనటం లేదు.

రెండోది మీ బాబాయ్ గురించి. నాకు చిన్నమామగారే, గౌరవం ఉంది. కానీ ఆయన మనిషంత ఎత్తున్న ఆ బేస్ వయొలిన్ పట్టుకుని మా ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడతారు. సీసా కావాలంటే ఆయన్ని బతిమాలి జరపాలి. పైగా ఆయన వాయించే రోజుల్లో ఫ్రిజ్ తలుపు సరిగ్గా పడి ఉండటం లేదు, సీసాలు చల్లబడటం లేదు. ఆయన తీసుకుంటున్నారని నేను అనను. తలుపు తెరిచి ఉంటోంది అంటున్నాను, అంతే.

మూడోది. టీవీ కొట్టతను వచ్చి మీ స్టేజీ వెనకాల గోడ కొలుచుకుని వెళ్లాడు. ఆ గోడంత టీవీ పెడితే జనం ఆటలు చూస్తూ తాగుతారట. టీవీ ఫ్రిజ్‌కి ఆనుకోదు, నన్ను జనం ముందు నవ్వులపాలు చేయదు. నెలాఖరులోగా ఏదో ఒకటి తేల్చుకోవాలి.

ఇట్లు,
నీ అక్క మొగుడు

జూన్ 6, గురువారం

పూజ్యులైన బావగారికి,

నమస్కారాలు. "పూజ్యులైన" అన్నది అక్క రాయించింది.

మీ మోకాలికి విశ్రాంతి కావాలి. పాటల మధ్య అటూ ఇటూ తిరక్కుండా ఒకచోట కూర్చుంటే మోకాలికీ మంచిది, మాకూ మంచిది.

తక్కువ బాగా వాయించమన్నారు. ఇలాంటి మాట ఒక వంటమనిషితో అని చూడండి, గరిటె ఎక్కడ తగులుతుందో తెలుస్తుంది. అయినా మీ మాట కాదనలేక నిన్న సాధన చేశాం. అందరూ ఉరుము అని పిలిచే మా డ్రమ్ముల మనిషికి వెంటనే వచ్చేసింది, పెద్దగా కష్టపడలేదు. నాకు చాలాసేపు పట్టింది. బాబాయ్‌కి మాత్రం అసలు రాలేదు. నేను చెప్పింది ఆయన రెండుసార్లు "ఏంటీ?" అని అడిగి, నా మొహంలోకి తేరిపార చూసి, నవ్వి, ఎప్పటిలాగే వాయించారు. ఈ మధ్య ఏది చెప్పినా రెండుసార్లు చెప్పించుకుంటున్నారు. మీ బార్ గోలలో ఇన్నేళ్లు నిలబడితే ఎవరికైనా అంతే.

బాబాయ్ గురించి మీరు రాసిన ముక్క నేను ఆయనకు చదివి వినిపించలేదు. నాకు కమాను పట్టుకోవటం నేర్పిన మనిషి ఆయన. మా బ్యాండులో శ్రుతికి ఏ యంత్రమూ వాడం. వాయించే ప్రతి సాయంత్రం మొదట పెద్దాయన ఒక స్వరం ఇస్తారు, దానికి నేను నా తీగలు కలుపుకుంటాను. ఆయన ఇచ్చిందే శ్రుతి. అది తప్పటం నేను ఎరగను. అలాంటి మనిషి మీ సీసాలకి కక్కుర్తి పడతారా? వయసైపోతోంది, వీపుకి ఏదో ఒక ఆధారం కావాలి. ఇంట్లో కూడా మంచం వదిలి, కింది వాటాలో దర్జీ కుట్టుమిషన్ నడిచే గదికి సరిగ్గా పైన నేలమీద పడుకుంటున్నారు. నేలే హాయిగా ఉందంటారు. ముసలితనం.

ఇక ఆ ఫ్రిజ్ గురించి నేనే మొదలెడదామనుకున్నాను. అది ఫ్రిజ్ కాదు, జలుబు చేసిన ఏనుగు. నెమ్మది పాటలో అందరం ఊపిరి బిగబట్టుకుని వాయిస్తుంటే అది గుర్రుమంటూనే ఉంటుంది. మీ మిక్సీ అప్పుడప్పుడూ అరుస్తుంది, ఇది ఎప్పుడూ అరుస్తుంది. ఎన్నేళ్లుగానో చెప్తున్నాను. ఆ గురక ఆపించండి, తర్వాత మా తప్పులు వెతుకుదురు గాని.

టీవీ సంగతి మీ ఇష్టం. కాకపోతే ఈ ఊళ్లో మిగిలిన బార్లన్నీ టీవీలు పెట్టేసుకున్నాయి. మేం నిలబడి వాయించటానికి మీ గోడ ఒక్కటే మిగిలింది. ఇది బెదిరింపు అనుకోకండి. ఉన్నమాట.

మీ భార్య తమ్ముడు

జూన్ 10, సోమవారం

బావమరిదికి,

ఆశీస్సులు. ఈసారి కాస్త ఇష్టంగానే.

శనివారం మీరు నా మాట విని తక్కువ బాగా వాయించినందుకు సంతోషం. బేరం బ్రహ్మాండంగా సాగింది. ఉరుము వాయించిన తీరుకి ఒక బల్ల దగ్గరవాళ్లు ఆగకుండా తాగారు. మీతోపాటు ఒకాయన పాడాడు, ఆయన్ని ఆపమని ఇంకొకాయన పాడాడు. గ్లాసులు పగిలాయి. మందుల షాపాయన మాత్రం నన్ను పక్కకి పిలిచి, "వయొలిన్ అబ్బాయికి ఒంట్లో బాగాలేదా?" అని అడిగాడు. నీ ఆరోగ్యం అడిగినవాళ్లు ఉన్నారని తెలియజేస్తున్నాను. ఈ ముక్కతో ఆరోగ్యం షరతు తీరిందో లేదో మీ అక్కే చెప్పాలి.

(తీరలేదట. నీ ఆరోగ్యం ఎలా ఉంది?)

ఒక్క చిక్కు. నెమ్మది పాట మీ బాబాయ్ వాయించేటప్పుడు మాత్రం ఎప్పటిలాగే అందరూ ఆగిపోయారు. ఆయనకి తక్కువ చేయటం చేతకాదని నువ్వన్నది నిజమే. అదొక్కటీ భరించాను.

నువ్వు నా మాట మన్నించావు కాబట్టి నేనూ నీ మాట మన్నిస్తున్నాను. కొత్త ఫ్రిజ్ కొన్నాను. అసలు చప్పుడు చేయదు. ఆడుతోందో లేదో తెలియటానికి తలుపు తీసి లైటు చూసుకోవాల్సిందే. దాన్ని కౌంటరు వెనకాల పెట్టిస్తున్నాను కాబట్టి నా సీసాలు నా చేతికందుతాయి, మీ పాటకి గురక అడ్డం రాదు, మీ బాబాయ్‌కి ఆనుకోవటానికి గోడ మొత్తం ఖాళీ. నాకు తట్టిన ఇంత మంచి ఆలోచనకి మీ అక్క మొహం మాడ్చుకుంది. "బాబాయ్‌ని ఒక్కమాట అడిగారా?" అంది. ఫ్రిజ్ కొనటానికి బేస్ వాయించే ఆయన్ని అడిగేదేముంది అన్నాను.  పాతదాన్ని కొట్టువాళ్లే పట్టుకుపోతారు.

టీవీ కొట్టతనికి నెలాఖరు దాకా ఆగమని చెప్పాను. చూద్దాం.

నీ మేలు కోరే,
బావ

జూన్ 12, బుధవారం

బావగారికి,

నమస్కారాలు. ఇవి నా సొంతవి.

నిజం చెప్పాలంటే మీ ఉత్తరం మొదటినుంచి మళ్లీ చదివాను. ఒకరి పాట కోసం ఒక బార్ యజమాని ఫ్రిజ్ మార్చాడంటే ఉరుము నమ్మలేదు, ఉత్తరం తనే తీసుకుని చదివాడు. నా ఆరోగ్యం బాగుంది. మీ మోకాలికి నువ్వుల నూనె వేడిచేసి రాయమని బాబాయ్ ఎప్పుడో చెప్పారు, ఇప్పుడు గుర్తొచ్చింది.

కొత్త ఫ్రిజ్ సంగతి బాబాయ్‌కి చెప్పాను. మొదట అర్థం కాలేదు. ఎదురుగా కూర్చుని మళ్లీ చెప్పాను. "పాతది ఎక్కడికి పోతుందట?" అన్నారు. "ఎక్కడికి పోతే మనకేం, పీడ విరగడైంది" అన్నాను. "ఊఁ" అని లేచి వెళ్లి బేస్‌కి గుడ్డ పెట్టి తుడవటం మొదలెట్టారు. నిన్ననే తుడిచారు. సంతోషం పట్టలేక అనుకుంటాను.

ఈ శనివారం తక్కువ బాగా వాయించటాలు ఉండవు. నెమ్మది పాట, గురక లేకుండా, మొదటిసారి ఎలా ఉంటుందో మీరే విందురు గాని. మిక్సీ మీద మాత్రం చెయ్యి వేయకండి.

మీ బావమరిది

జూన్ 17, సోమవారం

బావమరిదికి,

పలకరింపు. నీ ఆరోగ్యం ఎలా ఉంది? రెండూ అయిపోయాయి కాబట్టి విషయానికి వస్తున్నాను.

తక్కువ బాగా అన్నాను. దానికో హద్దు ఉంటుంది. శనివారం మీరు చేసింది పాట కాదు. మీ బాబాయ్ ఇచ్చిన మొదటి స్వరానికే ఉరుము తలెత్తి చూశాడు. నాకు సంగీతం రాదు, అయినా పళ్లు పులిశాయి. ఆయన ఒకదారిన, నువ్వు ఆయన వెంట ఇంకోదారిన. ఇక నెమ్మది పాటలో ఆయన మధ్యలో ఆగిపోయి, వెనక్కి జరిగి గోడకి వీపు ఆనించి, మళ్లీ జరిగి, చేత్తో గోడ తడుముకున్నారు. జనం ఇదేదో నాటకం అనుకున్నారు. మందుల షాపాయన ఎప్పుడూ ఆ పాటకి కళ్లు మూసుకుంటాడు. శనివారం తెరిచాడు. తెరిచి బిల్లు అడిగాడు.

నాకు తెలుసు, ఇది నా మీద కసి. నా మాటని నా మొహాన కొట్టటానికి ముగ్గురూ కూడబలుక్కుని చేశారు. చిన్నమామగారిని కూడా ఇందులోకి లాగావే, అది నాకు కష్టంగా ఉంది. నేను మీకోసం కొత్త ఫ్రిజ్ తెచ్చిన వారమే నాకీ మర్యాద చేశారు.

టీవీ కొట్టతన్ని రమ్మన్నాను. నెలాఖరుకి బిగిస్తాడు. మీ సామాను ఈలోపు తీసుకెళ్లొచ్చు.

మీ అక్క ఈ ఉత్తరం రెండుసార్లు చదివి, ఒక్క మాటా కొట్టేయించకుండా మడిచింది. అది నాకు నచ్చలేదు.

బావ

జూన్ 18, మంగళవారం

అక్క మొగుడికి,

మీ మోకాలు ఎలా ఉంటే నాకేం అని రాశాను, అక్క కొట్టేయించింది. మీ మోకాలు ఎలా ఉంది?

కూడబలుక్కున్నామా? ఆ సాయంత్రం మా ముగ్గురికీ తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మీ పళ్లు పులిశాయంటున్న ఆ స్వరం బాబాయ్ ఇచ్చారు కాబట్టి నేను దానికే కలుపుకున్నాను. తప్పని తెలుస్తూనే ఉంది. అయినా మా పద్ధతి అది, పెద్దాయన ఇచ్చిందే శ్రుతి. జనం ముందు ఆయన్ని సరిదిద్దటానికి నాకు చెయ్యి రాలేదు.

ఇంటికొచ్చాక అడిగాను. గట్టిగానే అడిగాను. "తాగారా? ఒంట్లో బాలేదా? బావ మీద కోపమా?" ఆయన నా పెదాల వంక చూస్తూ నిలబడ్డారు.  బేస్‌కి తొడుగు వేసి, గొళ్లాలన్నీ పెట్టేసి, "ఇక నేను రానురా. ఇంకెవరినన్నా చూసుకోండి" అన్నారు. అప్పటినుంచి ఆ గదిలోంచి చప్పుడు లేదు. ఆ బేస్ తొడుగులో ఉండగా ఇంత పొద్దెక్కటం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

ఇదంతా మీ వల్లే. ఆయన ఆనుకుంటున్నారు, తలుపు తెరుస్తున్నారు అని మీరు మనసులో పెట్టుకున్నది ఆయనకి ఎవరో చేరవేసి ఉంటారు. ఎన్నో ఏళ్లుగా నిలబడ్డ చోటునుంచి ఒక పెద్దమనిషిని కదిలించారు. మీ కొత్త ఫ్రిజ్ చప్పుడు చేయదు నిజమే, దాని యజమాని చేసే చప్పుడే ఎక్కువైంది.

టీవీ బిగించుకోండి. బాబాయ్ లేకుండా నేనెలాగూ వాయించను.

మీ భార్య తమ్ముడు, ఆమె మొహం చూసి

జూన్ 21, శుక్రవారం

బావమరిదికి,

ఆశీస్సులు. కూర్చుని చదువు.

నీ ఉత్తరం మీ అక్క నా చేతికిచ్చి, కౌంటరు అవతలి వైపుకి వచ్చి నా ఎదురుగా నిలబడింది. "మీ ఇద్దరికీ చెవులు ఉండి ఏం లాభం?" అంది. "బాబాయ్‌కి వినపడటం మానేసి ఎన్నేళ్లయిందో! వెనక నుంచి పిలిస్తే పలకరు. ఎదురుగా వెళ్లి పిలిస్తే నోరు చూసి పలుకుతారు. నేను కనిపెట్టిన రోజున పెదాల మీద వేలు పెట్టి చూపించారు. అందుకే ఊరుకున్నాను."

నువ్వు వయొలిన్ పాఠాలు చెప్పటానికి వెళ్లిన పూట చూసుకుని బుధవారం మీ ఇంటికి వెళ్లాను. దొంగతనంగా వెళ్లాననుకోకు, నీతో నోటితో మాట్లాడకూడదన్న షరతు ఉంది కదా. మీ బాబాయ్ ఆ దర్జీ గదికి సరిగ్గా పైన, నువ్వు రాసిన ఆ నేల మీదే పడుకుని ఉన్నారు. నన్ను చూసి లేచారు. ఎదురుగా కూర్చుని, నెమ్మదిగా, "ఏమైంది మామయ్యా?" అన్నాను. వెళ్లి తలుపు దగ్గరికి వేసి వచ్చి కూర్చున్నారు. తర్వాత చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"నీ పాత ఫ్రిజ్ మోత నా వీపుకి తెలిసేది అల్లుడూ. నా తీగ దాంతో కలవకపోతే వెనకనుంచి ఎవరో తడుతున్నట్టు ఉండేది. కలిస్తే తట్టటం ఆగిపోయేది. అక్కడినుంచి మిగతా స్వరాలకి నా వేళ్లకి దారి తెలుసు. మొన్న గోడకి ఆనుకున్నాను. గోడ ఏం చెప్తుంది?"

మరి ఆ తలుపు సంగతేమిటి అన్నాను. సిగ్గుపడ్డారు. "అది చల్లబడితే ఆగిపోతుంది కదా. మడమతో తలుపు కాస్త తెరిచి పెట్టేవాణ్ణి. మళ్లీ మొదలెట్టేది. నీ సీసాలు వేడెక్కేవి. ఏమనుకోకు."

నెమ్మది పాట తక్కువ బాగా వాయించమంటే ఎందుకు వాయించరో కూడా చెప్పారు. మిగతా పాటల్లో ఉరుము దెబ్బలకి ఆ మోత సరిగ్గా అందదట. ఆ ఒక్క పాటలో అందరూ తగ్గుతారు, అప్పుడు అంతా వినపడుతున్నట్టే ఉంటుందట. ఆయనకు పాటంటే మిగిలింది అదొక్కటేనట. నేను సరిగ్గా అందులోనే మిక్సీ వేశాను.

"వాడికి ఎందుకు చెప్పలేదు మామయ్యా?" అంటే, "చెప్తే నన్ను కూర్చోబెట్టేస్తాడు. నా మీద ప్రేమతోనే కూర్చోబెడతాడు. అదే భయం" అన్నారు. నీకు చెప్పొద్దని ఒట్టు వేయించుకోబోయారు. మోకాలు నొప్పి అని లేచి వచ్చేశాను.

నీ ఆరోగ్యం జాగ్రత్త.

బావ

జూన్ 22, శనివారం

బావగారికి,

నమస్కారం.

నిన్నంతా ఆయన ఎదురుగా కూర్చోలేకపోయాను. నాకు ఏడుపొచ్చింది, రాయటానికి సిగ్గేమీ లేదు. ఆయన నా పెదాల వంక చూసినప్పుడల్లా నేనేదో గొప్ప మాట చెప్తున్నానని వింటున్నారనుకునేవాణ్ణి.

ఇంకో సంగతి కూడా తేలింది. ఇన్నేళ్లుగా నేను బాబాయ్‌కి కలుపుకున్నాను, బాబాయ్ ఫ్రిజ్‌కి కలుపుకున్నారు. అంటే మా బ్యాండు మొత్తం మీ ఫ్రిజ్ శ్రుతిలో వాయించింది. నేను గురక అని తిట్టిపోసింది మా పాటలోని స్వరమే. నాకు మంచి చెవి ఉందని ఊళ్లో పేరు. ఉరుముకి చెప్పాను. వాడు నవ్వలేదు, "అందుకే అంత కుదిరేది" అన్నాడు.

ఈ పొద్దున ఆయన ఎదురుగా కూర్చుని, "నాకు తెలుసు బాబాయ్" అన్నాను. తల తిప్పేసుకున్నారు. తల తిప్పుకుంటే ఇక నేను ఏం చెప్పినా ఆయనకు చేరదు. అలాగే కూర్చుని ఆయన భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి, "మీ బావ ఒట్టు వేయకుండానే లేచిపోయాడు, అప్పుడే అనుకున్నాను" అన్నారు.

కూర్చోబెట్టను అని చెప్పాను. నిలబడటానికి చోటు లేదు కదరా అన్నారు.

ఆ పాత ఫ్రిజ్ ఎక్కడుందో మీకు తెలుసా? ఇది మనవి. "పూజ్యులైన" అని నా అంతట నేనే రాయమన్నా రాస్తాను.

మీ బావమరిది

జూన్ 26, బుధవారం

బావమరిదికి,

ఆశీస్సులు. పూజ్యులు అక్కర్లేదు, ఎబ్బెట్టుగా ఉంటుంది.

ఫ్రిజ్ దొరికింది. కొట్టువాళ్లు దాన్ని చేపలమ్మే ఆయనకి అమ్మేశారు. వెళ్లి అడిగితే ఇవ్వనన్నాడు. ఇంత మంచి ఫ్రిజ్ మళ్లీ దొరకదట, చప్పుడు చేస్తుంది కాబట్టి ఆడుతున్నట్టు తెలుస్తుందట. చాలాసేపు మాట్లాడాను. చివరికి నా కొత్త ఫ్రిజ్ ఆయన తీసుకునేట్టు, నా పాత ఫ్రిజ్ నాకిచ్చేట్టు ఒప్పందం కుదిరింది. కొత్తది ఇచ్చి పాతది మోసుకొచ్చుకున్నవాణ్ణి ఈ వీధిలో నేనొక్కణ్ణే. మోసిన ఇద్దరూ దారి పొడుగునా నా మొహం వంక అనుమానంగా చూశారు.

ఎప్పటి చోటే పెట్టించాను, స్టేజీ పక్కన. ప్లగ్ పెట్టగానే గుర్రుమంది. మీ అక్క వచ్చి దానికి వీపు ఆనించి కళ్లు మూసుకుని నిలబడింది. నేనూ నిలబడి చూశాను. నాకేమీ తెలియలేదు, మోకాలికి మాత్రం కాస్త హాయిగా అనిపించింది.

లోపాలు రెండున్నాయి. ఒకటి, చేపల వాసన. సోడాతో కడిగించాను, నిమ్మకాయలు పెట్టించాను, పోలేదు. రెండు, చేపలాయన తలుపుకి కొత్త రబ్బరు వేయించాడు. నేను రెండు చేతులా లాగితేగాని ఊడి రావటం లేదు.

టీవీ కొట్టతను వచ్చాడు. గోడ ఖాళీ లేదన్నాను. "గోడ ఖాళీగానే ఉంది కదండీ" అన్నాడు. అది ఎందుకు ఖాళీగా లేదో చెప్పటం కంటే పంపించేయటం తేలిక, పంపించేశాను. శనివారం నెలాఖరు కూడా అయిపోతుంది. మీరు రాకపోతే నాకు టీవీ లేదు, బ్యాండూ లేదు, చేపల వాసన మాత్రం ఉంటుంది.

చిన్నమామగారి ఆరోగ్యం ఎలా ఉంది? ఇది షరతు కోసం అడిగింది కాదు.

బావ

జూన్ 27, గురువారం

బావగారికి,

నమస్కారాలు.

మీ ఉత్తరం బాబాయ్ చేతికే ఇచ్చాను. తనే చదువుకున్నారు. చేపలాయన దగ్గరికి వచ్చేసరికి నవ్వారు. రబ్బరు దగ్గర ఆగి, తన మడమ వంక చూసుకున్నారు. తర్వాత ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని, "మంచి అల్లుడే, చెవులే సరిగ్గా ఉండవు" అన్నారు.

వస్తారా రారా అని అడగలేదు. ఈ పొద్దున చూస్తే బేస్ తొడుగు దండెం మీద ఆరేసి ఉంది.

ఆయన ఆరోగ్యం బాగుంది. నాదీ బాగుంది.

బావమరిది

జూలై 1, సోమవారం

బావమరిదికి,

ఆశీస్సులు.

శనివారం జరిగింది నువ్వూ చూశావు. కానీ నువ్వు ఆ సమయంలో కళ్లు మూసుకుని ఉన్నావు కాబట్టి నా వైపునుంచి జరిగింది రాస్తున్నాను.

మీ బాబాయ్ వచ్చి ఎవరినీ పలకరించకుండా నేరుగా ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి వీపు ఆనించి, బేస్ బిరడాలు తిప్పుకుని, ఒక స్వరం ఇచ్చారు. నా పళ్లు పులవలేదు. అంతకంటే చెప్పటం నాకు చేతకాదు. మొదటి నాలుగు పాటలకి బేరం బాగానే సాగింది.

నెమ్మది పాటకి నేను ట్రే పట్టుకుని మందుల షాపాయన బల్ల దగ్గరికి వెళ్తున్నాను. ఆయన గ్లాసు ఎత్తాడు, నోటిదాకా వెళ్లింది, ఆగిపోయింది. సరే అనుకున్నాను. ఒకావిడ నిమ్మరసం అడగబోతే మీ అక్క మిక్సీ ప్లగ్ పీకి చీర కొంగులో చుట్టి పట్టుకుంది. పాట సగంలో ఉండగా ఫ్రిజ్ ఆగిపోయింది. చల్లబడింది కాబోలు. అది ఆగిపోవటం నేను ఇన్నేళ్లలో ఎన్నడూ పట్టించుకోలేదు. మొన్న మాత్రం బార్ మొత్తం ఖాళీ అయినట్టు వినిపించింది.

మీ బాబాయ్ మడమతో తలుపు తన్నారు. రాలేదు. మళ్లీ తన్నారు. వేళ్లు ఆడుతూనే ఉన్నాయి, మొహం మాత్రం మారిపోయింది. గోడ తడుముకున్న నాటి మొహమే.

నేను ట్రే అక్కడే ఎవరి ఒళ్లోనో పెట్టి వెళ్లి రెండు చేతులా తలుపు లాగాను. ఊడి వచ్చింది. చేపల వాసన ముందు వరుస దాకా కొట్టింది, ఎవరూ కదల్లేదు. కాసేపటికి అది గుర్రుమంది. ఆయన తిరిగి చూడలేదు. నేనని వీపుకి తెలిసినట్టే ఉంది, కాస్త జరిగి నాకు చోటిచ్చారు. తలుపు వదిలేస్తే మళ్లీ పడిపోతుంది కాబట్టి పాట అయ్యేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డాను. మొహానికి చల్లగాలి కొడుతోంది. నా కళ్లల్లో నీళ్లు దాని వల్లే అని మీ అక్కకి చెప్పాను. ఊఁ అంది.

ఇక ఫిర్యాదులు. ఒకటి, వేడి బీరు ఇచ్చానని రెండు బల్లలవాళ్లు గొడవ చేశారు. ఐసు వేసిచ్చాను. రెండు, పాట పొడుగు పెంచారు. అది నువ్వు పెంచావా ఆయన పెంచారా తెలియదు గాని నాకు చేతులు పీకుతున్నాయి.

మనం ఇక నోటితో మాట్లాడుకోవచ్చని మీ అక్క అంటోంది. నాకు తొందరేమీ లేదు. నీ ఆరోగ్యం జాగ్రత్త, ఆయనది మరీ జాగ్రత్త. రబ్బరు మార్పించటానికి మనిషి వస్తానన్నాడు, వద్దన్నాను. మోకాలి వల్ల అంతసేపు నిలబడటం కష్టం కాబట్టి, వచ్చే శనివారం నుంచి ఫ్రిజ్ తలుపు దగ్గర నాకో కుర్చీ వేయిస్తున్నాను.

బావ